పేటకొక భద్రతా ప్రతినిధి

2025 మే 18వ తేదీ ఆదివారమునాడు, ఇంకను తెల్లవారకమునుపే, సోలాపురములోని అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక వాడయందు ఒక టవళ్ల కార్ఖానాలో నిప్పు రేగి ఎనిమిదిమంది ప్రాణములు పోయినవి. చనిపోయినవారిలో కార్ఖానా యజమానియు, ఆయన ఇంటివారును, ఆ ఆవరణముననే కాపురముండిన పనివారి కుటుంబమును, ఒక పసిబిడ్డయు ఉండిరి. ఆ నిప్పు ఎట్లు పుట్టినదో, ఎవరి లోపమెంతయో తేల్చుట విచారణాధికారుల పని; ఆ కార్ఖానాను గూర్చి తీర్పు చెప్పుట నా ఉద్దేశము కాదు. నన్ను కలతపెట్టుచున్న ప్రశ్న వేరు. ఈ నగరములో సాంచ, అనగా మరమగ్గము, దగ్గర నిలుచుండి పనిచేయు మనిషి, ప్రమాదము జరుగకముందే, ‘ఇచ్చట రెండవ ద్వారము లేదు, ఈ తీగె వేడెక్కుచున్నది, దీనిని సరిచేయించవలెను’ అని అధికారపూర్వకముగా చెప్పగల స్థానమొకటి ఎక్కడనైన ఉన్నదా? చెప్పినమాట వినక తప్పని బాధ్యత ఎవరిమీదనైన ఉన్నదా?

ఆ రాత్రి యజమానియు పనివాడును ఒకే పొగలో ఊపిరి విడిచిరి. కావున భద్రతను యజమానికిని కార్మికునికిని నడుమ జరుగు బేరముగా, ఒకరికి లాభము మరియొకరికి నష్టమైన వ్యవహారముగా చూచుట ఎంతటి పొరపాటో ఇకనైన గ్రహించవలెను.

నేను వ్రాయబూనినది ముఖ్యముగా హోట్గి రోడ్డు చుట్టుపట్లనున్న నేతగాండ్ర వాడలను దృష్టియందుంచుకొని. నగరమునుండి హోట్గి రైలు జంక్షను దిక్కుగా సాగు ఈ బాటను ఆనుకొని సహకార పారిశ్రామిక వాడ ఉన్నది, విమానాశ్రయమున్నది, సిద్ధేశ్వర సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది. నిజాము ఏలుబడిలోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి కరవునకును అప్పునకును ఓర్వలేక మగ్గము మూట గట్టుకొని వచ్చిన పద్మశాలీల మనుమలు, మునిమనుమలు ఈ నగరపు నేతకు నేటికిని ఆధారమై ఉన్నారు. వీథిలో మరాఠీ మాటలాడి ఇంటిలో తెలుగు మాటలాడు ఈ జనము, శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథమును లాగునప్పుడు తప్ప, తక్కిన దినములన్నియు సాంచల మోతలోనే గడుపుచున్నారు.

వీరి పూర్వులు పనిచేసిన మిల్లులు వేరు. 1877లో పని ప్రారంభించిన సోలాపురపు పాతమిల్లు మొదలుకొని లక్ష్మీ, విష్ణు, నర్సింగ్‌గిర్జీ మిల్లులవరకు అన్నిటను వేలాదిమంది ఒక్క కప్పు క్రింద పనిచేసిరి, ఒక్క గేటు దగ్గర గుమిగూడిరి, సంఘములు కట్టుకొనిరి, సమ్మెలు చేసిరి. అక్కడి బాధలు తక్కువవని కాదు గాని, బాధను చెప్పుకొనుటకు ఒక గేటుండెను, వినవలసిన మేనేజరొకడుండెను. మిల్లులు ఒక్కొక్కటే మూతపడిన పిమ్మట సాంచలు చిన్న చిన్న రేకుల షెడ్లలోనికి, ఇండ్ల క్రింది గదులలోనికి చెదరిపోయినవి. ఇప్పుడు నాలుగు సాంచలొకచోట, ఎనిమిది సాంచలొకచోట. ఇద్దరు పనివారొక యజమాని క్రింద, నలుగురు మరియొకని క్రింద. యజమాని అనబడువాడును తరచుగా నిన్నటి నేతగాడే. బ్యాంకు అప్పుతో పాత సాంచలు కొన్నవాడు, పెద్ద వ్యాపారి ఇచ్చిన నూలుకు కూలినేత నేయువాడు. శ్రమ చెదరిపోయినప్పుడు శ్రమజీవి గొంతుకయు చెదరిపోయినది.

ఒక షెడ్డులోనికి తొంగి చూడుడు. పాతకాలపు సాంచలో నాడె నిమిషమునకు నూరుమార్లకు మించి పడుగును దాటుచుండును. దానిని తోయు పికింగు కర్ర అరిగినను, నాడెపెట్టె సందు పెరిగినను, నాడె దారి తప్పి ఎగిరి ప్రక్కసాంచవాని కంటికో కణతకో తగులును. నాడెకు అడ్డుగా ఉండవలసిన ఇనుపకమ్మి, తెగిన పోగులు అతుకునప్పుడు చేతికి అడ్డు వచ్చుచున్నదని, ఎప్పుడో ఊడదీసి మూలపడవేయబడి ఉండును. బెల్టునకును చక్రమునకును కప్పు ఉండదు. గోడకు కొట్టిన స్విచ్చిబోర్డుమీద, మోటారు చుట్టును, కప్పు దూలములమీదను దూది నూగు తెల్లని బూజువలె పేరుకొని ఉండును. నిప్పు అంటుకొనెనేని ఆ నూగు వెంటనే అది కప్పు చివరివరకు క్షణములో ప్రాకిపోవును. మోత తొంబది డెసిబెల్లులు సులభముగా దాటుటచే అక్కడ పనివారు నోటితో మాటలాడుకొనరు, చేతులతోను కనుబొమలతోను మాటలాడుకొందురు. ఏండ్ల తరబడి ఆ మోతలో నిలిచినవాడు ఇంటికి వచ్చిన పిమ్మట కూడ బిగ్గరగా మాటలాడుట ఆ వాడలలో ఎవరికిని వింతగా తోచదు. ఆ చెవుడు వయసుతో వచ్చినది కాదు, పనితో వచ్చినది.

దుమ్ముమాట అంతకంటె గంభీరమైనది. నూలు దుమ్మును చిరకాలము పీల్చినవారికి బిసినోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి వచ్చును. సెలవు దినము గడచి మరల పనిలోనికి వచ్చిననాడు ఛాతీ బిగిసినట్లుండుట దాని తొలి లక్షణము. క్రమముగా ఆ బిగువు వారమంతయు వ్యాపించి, తుదకు తగ్గని ఆయాసముగా నిలిచిపోవును. 1923 నాటి పరిహారచట్టపు మూడవ షెడ్యూలులోనే ఇది వృత్తివ్యాధిగా చేర్చబడినది. కాని ఆ పేరు ఎరిగిన నేతగాడెంతమంది? దగ్గు వచ్చినవాడు దానిని ఆస్తమా అనుకొనును, బీడీవలన అనుకొనును, తన కర్మమనుకొనును. పరిహారము కోరవచ్చునని తలచుటకైనను ఆతనికి అవకాశము లేదు. తెలియని హక్కు ఉండియు ఫలమేమి?

ఇచ్చట నా వాదములోని ముఖ్యాంశమును చెప్పెదను. ప్రమాదమును అందరికంటె ముందుగా ఎరుగువాడు ఇన్‌స్పెక్టరు కాడు, యజమాని కాడు; ఆ సాంచను దినమునకు పండ్రెండు గంటలు నడుపువాడు. ఏ మోటారు మధ్యాహ్నమునకు వేడెక్కి కమురువాసన వేయునో, ఏ నాడె మూడుదినములనుండి తొట్రుపడుచున్నదో, వానకాలములో ఏ గోడ తాకిన ‘ఝుమ్ము’మనునో, ఏ తలుపు బిగుసుకొని లోపలినుండి తెరువరాదో ఆతనికి తెలియును. ఇది పుస్తకములలో లేని జ్ఞానము. దానిని అడిగి తెలిసికొనుటయే సంప్రదింపు. అడుగకపోవుట ఆతనిని అవమానించుట మాత్రమే కాదు, మన చేతిలోనున్న దీపమును మనమే ఆర్పుకొనుట.

చట్టము ఈ సంగతి ఎరుగదని చెప్పరాదు. 1984 డిసెంబరునాటి భోపాలు ఘోరము తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకర ప్రక్రియలుగల ఫ్యాక్టరీలలో యాజమాన్య ప్రతినిధులును కార్మిక ప్రతినిధులును సమసంఖ్యలోనున్న భద్రతా సంఘముండవలెనని 41-జి సెక్షనులోను, ముంచుకొనివచ్చు అపాయమును గూర్చి హెచ్చరించు హక్కు కార్మికునికి కలదని 41-హెచ్ సెక్షనులోను వ్రాసిరి. మంచి మాటలే, కాని అవి నేత షెడ్లకు చేరలేదు. 1948 చట్టము ప్రకారము యంత్రశక్తి వాడుచోట కనీసము పదిమంది ఉన్నప్పుడే అది ఫ్యాక్టరీగా ఎంచబడెడిది. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి తెచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఆ పదిని ఇరువదిగా పెంచినది; పదిమందికంటె తక్కువ ఉన్న పనిచోటు సాధారణముగా ఆ స్మృతి పరిధిలోనికే రాదు. భద్రతా సంఘము తప్పనిసరియగుటకు కేంద్రప్రభుత్వము చెప్పిన సంఖ్య ఐదువందలు. ఐదువందలమంది పనిచేయు నేతశాల నేడు సోలాపురములో ఎన్నిచోట్ల కానవచ్చును? ఆ సంఖ్యను నిర్ణయించినవారి కన్నులయెదుట ఉన్నది ఏదో పెద్ద పారిశ్రామిక సంస్థయే కాని, హోట్గి రోడ్డు ప్రక్క సందులోని రేకుల షెడ్డు కాదు.

అట్లని ఆ స్మృతి సర్వము నిరుపయోగమని నేననను. తన పనిచోటి ఆరోగ్యభద్రతలను గూర్చి యజమానినుండి సమాచారము పొందు హక్కును, లోపములను ఆతని దృష్టికి తెచ్చు హక్కును, ప్రాణాపాయము తప్పదని తోచినప్పుడు యజమానికిని ఇన్‌స్పెక్టరునకును ఏకకాలమున తెలుపు హక్కును 14వ సెక్షను కార్మికునికి ఇచ్చుచున్నది. 22వ సెక్షను మరింత ముఖ్యమైనది: ఏ పనిచోటనైనను, లేక ఒక తరగతికి చెందిన పనిచోట్లన్నిటనైనను భద్రతా సంఘము పెట్టవలెనని ఆజ్ఞాపించు అధికారము ప్రభుత్వమునకు ఉన్నది. అనగా మహారాష్ట్ర ప్రభుత్వము తలచినయెడల, ఐదువందల సంఖ్యతో నిమిత్తము లేకుండ, ‘మరమగ్గముల కార్ఖానాలు’ అను తరగతిని పేర్కొని ఉత్తరువు వెలువరింపవచ్చును. దానికి క్రొత్త చట్టము అక్కరలేదు; సంకల్పము చాలును.

ఇక పదిమందికంటె తక్కువ ఉన్న షెడ్ల సంగతి మిగులును. సోలాపురపు సమస్యకు గుండెకాయ అదియే. ముగ్గురు పనివారున్నచోట సంఘమేమి, ఎన్నికయేమి అని యజమానులు అడుగుదురు; ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను చెప్పునదేమనగా, ప్రతినిధిని కార్ఖానాకు కట్టివేయవలదు, పేటకు కట్టుడు. ఒక పేటలోని షెడ్లన్నిటిలో పనిచేయువారు కలిసి ఇద్దరు ముగ్గురు భద్రతా ప్రతినిధులను ఎన్నుకొందురుగాక. ఆ పేటలోని ఏ షెడ్డులోనికైనను పోయి చూచు అధికారము వారికుండుగాక. ఇది కలగన్న మాట కాదు. స్వీడను దేశములో 1949 నుండి ఇట్టి ప్రాంతీయ భద్రతా ప్రతినిధులున్నారు. మొదట కట్టడపు పనులలో ప్రారంభమైన ఈ ఏర్పాటు 1974లో ఇతర వృత్తులకును వ్యాపించినది. ఏబదిమందికంటె తక్కువ ఉన్న చిన్న పనిచోట్లకు వారే పోయి, చూచి, హెచ్చరింతురు.

అంతదూరము పోనేల? మహారాష్ట్రమే 1969లో మాథాడీ హమాలీల చట్టము చేసినది. ఉదయమొక కొట్టులో, సాయంకాలము మరియొక కొట్టులో మూటలు మోయు హమాలీకి యజమాని ఎవరు అను చిక్కును, ప్రభుత్వము, వర్తకులు, కార్మికులు ముగ్గురును కలిసి కూర్చుండు మండలినేర్పరచి ఆ చట్టము విప్పినది. నేతగాని ఇల్లాలు ఇంటి అరుగుమీద కూర్చుండి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండగా, ఆమె పని ఏ ఫ్యాక్టరీ గోడలోపలను లేకపోయినను, 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఆమెను కార్మికురాలుగా గుర్తించినది. ఆ కుటుంబములోని పురుషుని సాంచకు ఆపాటి గుర్తింపు ఎందులకు దొరకరాదు? ఒకే ఇంటిలో భార్య పనికి చట్టము నీడయుండగా భర్త పనికి లేకపోవుట నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు.

ప్రతినిధి ఉన్నంతమాత్రమున చాలదు. ఆతనికి సమయమును, కూలియు, రక్షణయు కావలెను. ‘సాంచ ఆగితే కూలి ఆగుతది’ అను మాట ఈ వాడలలో పసిపిల్లలకును తెలిసినదే. నేసిన సరుకును బట్టి కూలి లెక్కించుచోట, అరిగిన కర్రను మార్చుటకై అరగంట సాంచ ఆపినవాడు తన కడుపు మాడ్చుకొని అందరి ప్రాణములు కాపాడవలసివచ్చుచున్నది. ఇట్టి త్యాగమును నిత్యము కోరు వ్యవస్థ నిలువదు. భద్రతకై సాంచ ఆగిన కాలమునకు సగటు కూలి ముట్టవలెను. ప్రతినిధి పేట తిరిగిన గంటలకును ముట్టవలెను. ఆ సొమ్ము ఎక్కడిది అందురా? చిన్న యజమాని నెత్తిమీద రుద్దవలదు. అతనిచేత అరకూలికి నేయించుకొని, టవళ్లను చద్దర్లను దేశదేశములకు పంపు పెద్ద వ్యాపారులనుండి, ఎగుమతిదారులనుండి వసూలు చేయుడు. బీడీలమీద 1976లో విధించిన సెస్సుతో ఆసుపత్రులు, ఇండ్లు, పిల్లల చదువులకు వేతనములు నడచినవి. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయినది. ఆ అనుభవము చూచి ఈ నిధిని పన్నుల మార్పులకు లోబడని గట్టి పునాదిమీద నిలుపవలెను.

బంగ్లాదేశపు కథ ఇచ్చట చెప్పక తప్పదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున రానా ప్లాజా కూలి 1,134 మంది మరణించిరి. అంతకు ముందుదినముననే గోడలు బీటలు వారుట పనివారు కన్నులార చూచిరి, బయటికి వచ్చిరి. మరునాడు వారిని మరల లోపలికి పంపిరి. జ్ఞానము కార్మికుని దగ్గర ఉన్నది, అధికారము లేదు. వేయిమందికి పైగా నశించుటకు ఆ ఎడమే కారణము. ఆ పిమ్మట అంతర్జాతీయ వ్యాపార సంస్థలును కార్మిక సంఘములును చట్టబద్ధముగా కట్టుబడిన ఒడంబడిక ఏర్పడి, ఫ్యాక్టరీలలో భద్రతా సంఘములకు శిక్షణ యిచ్చి, అపాయకరమైన పనిని నిరాకరించు హక్కును గుర్తించినది. మన తెలంగాణములో 2025 జూన్ 30న పాశమైలారములోని మందుల పరిశ్రమలో పేలుడు సంభవించి ఏబదిమందికి పైగా అసువులు బాసినప్పుడు, పాతబడిన యంత్రములను గూర్చి ఉద్యోగులు ముందే చెప్పిరన్న ఆరోపణ పోలీసు ఫిర్యాదులోనికి ఎక్కినది. న్యాయస్థానమేమి తేల్చునో తేల్చనిండు. చెప్పినమాటకు విలువనిచ్చు వ్యవస్థ ఉండవలెనను సంగతి మాత్రము ఏ తీర్పుకొరకును ఆగనక్కరలేదు.

శిక్షణను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది, ఏలయన ఈ పేరుతో జరుగుచున్నది చాలవరకు కాగితపు తంతు. ఏడాదికొకమారు ఎవరో వచ్చి గంటసేపు ఇంగ్లీషు కలిసిన మరాఠీలో ఉపన్యసించి, పేర్లెదుట సంతకములు తీసికొని పోవుదురు. నిజమైన శిక్షణ షెడ్డులోనే, సాంచ ప్రక్కనే, ఇంటిభాషలో జరుగవలెను. చిక్కుకొన్న నాడెను తీయుటకు ముందు మోటారు ఆపుట అలవాటగువరకు చేయించవలెను. మెయిను స్విచ్చి ఎక్కడనున్నదో చీకటిలో తడిమి చూపించుమని ప్రతివానిని అడుగవలెను. విద్యుత్తువలన పుట్టిన నిప్పుమీద నీరు పోయరాదనియు, పొడి మందు పంపునో కార్బన్ డయాక్సైడు పంపునో వాడవలెననియు చెప్పుట కాదు, ఒక్కొక్కరిచేత ఆ పంపు పిన్ను తీయించవలెను. గాలిపంపుతో నూగును ఊదినయెడల అది తొలగిపోదు, గాలిలో లేచి ఊపిరితిత్తులలోనికి చేరును, నిప్పుకణమున్నచో మంటయగును. కావున నూగును పీల్చు యంత్రముతోనో తడిగుడ్డతోనో తీయవలెనని చేసి చూపవలెను. అద్దకపు పనిలోనున్నవారికి కాస్టిక్ సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను గాని సోడామీద నీరు కుమ్మరింపరాదనియు, కంటిలో పడినచో పదిహేను నిమిషములకు తక్కువ కాకుండ మంచినీటితో కడుగవలెననియు నేర్పవలెను. రాత్రి పాళీవారిని దీపములార్పి ఒకమారు బయటికి నడిపించిన చాలును, ఏ తలుపునకు ఏ బీము అడ్డుగా పడి ఉన్నదో అందరికి అర్థమగును.

భాష సంగతి చిన్నదిగా ఎంచరాదు. మరాఠీ బడిలో చదివినవాడు గోడమీది హెచ్చరికను చదువగలడు, నిజమే. కాని తోటివాని ప్రాణము మీదికి వచ్చిననాడు నోట వెలువడు కేక తెలుగులోనే వెలువడును. శిక్షకులు ఆ వాడలనుండియే రావలెను. ముప్పదియేండ్లు సాంచ నడిపి చెవులు పోగొట్టుకొన్న పెద్దలకంటె మోతను గూర్చి బోధింపదగినవారెవరు? వారికి పాఠము చెప్పిన దినములకు కూలియిచ్చి గౌరవించినయెడల పిన్నలు వినుదురు. పట్టణపు ఉపన్యాసకుని మాట వలె అది చెవిప్రక్కగా పోదు.

ఇది సాధ్యమా యని సందేహించువారికి హోట్గి రోడ్డుమీదనే జవాబున్నది. విమానముల దారికి అడ్డమని నిర్ణయమైనప్పుడు, అదే రోడ్డునగల చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టమును 2023 జూన్‌లో కూల్చివేసిరి. ఆ చర్య వలన చెరకు రైతులకు కలిగిన కష్టము వేరొక చర్చకు తగినది. కాని అపాయము జరుగకముందే అపాయకారణమును తొలగించు నియమమును ప్రభుత్వము అంగీకరించి, అమలుపరచినది కదా! ఆకాశమున పోవువారికి చెల్లిన నియమము నేలమీద నేయువారికిని చెల్లవలెను. కార్మికుల పట్టుదలకు లోటు లేదని చూపుటకు కుంభారిలో లేచిన రేనగర్ గృహములే సాక్ష్యము. నేతపనివారు, బీడీ పనివారు, చిత్తుకాగితములేరువారు సంఘమై ఏండ్లతరబడి పోరాడి సాధించుకొన్న ఆ కాలనీలో పదిహేనువేల ఇండ్లు 2024 జనవరి 19న లబ్ధిదారులకు అందినవి. ఇల్లు సాధింపగలిగినవారు పనిచోట తలుపును సాధింపలేరా?

మొదలు పెట్టుటకు హోట్గి రోడ్డు సహకార పారిశ్రామిక వాడ అనువైనచోటు. రోడ్లు, నీరు, దీపములు ఉమ్మడిగా చూచుకొను అలవాటు అక్కడి యజమానులకు ఇదివరకే ఉన్నది; భద్రతయు ఆ ఉమ్మడి పనులలో ఒకటి కావలెను. కార్మిక సంఘములు, యజమానుల సంఘము, కార్మికశాఖ ముగ్గురును కలిసి వాడలోని షెడ్లన్నిటికి ఒక్క ఓటర్ల పట్టిక వ్రాయించవలెను. ఆ పట్టికలో సాంచ నడుపువారితోపాటు కండెలు చుట్టు స్త్రీలు, గంజి పెట్టువారు, టవళ్ల అంచులు కుట్టువారు, బేళ్లు మోయు హమాలీలు, ఉత్తరదేశమునుండి వచ్చి షెడ్డులోనే పడుకొను యువకులు అందరు చేరవలెను. ముఖ్యముగా కండెలు చుట్టు స్త్రీలను విడువరాదు. వారు తరచు ఇంటికి తీసికొనిపోయి చుట్టుదురు గనుక ఏ షెడ్డు హాజరుపట్టీలోను వారి పేరుండదు, అయినను దుమ్ము వారి ఇంటిదాక పోవుచున్నది. ఎన్నికైనవారిలో ఒక్కరైనను స్త్రీ కావలెనని నియమము పెట్టుడు. నెలకొకమారు వారు చూచినది తెలుగులోను మరాఠీలోను వ్రాసి ప్రతి షెడ్డు వాకిట అంటించనిండు. యజమాని ఎన్నిదినములలో దేనిని సరిచేసినదియు దాని ప్రక్కనే వ్రాయవలెను. గడువు దాటినదాని నకలు కార్మికశాఖకు నేరుగా పోవలెను.